ఓరుగల్లు నుంచి వచ్చినవారు, ఓరుగల్లు వైపు వెళ్లినవారు

(గీదంలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద ఏర్పాటైందో ఆ మాస్టారు ఈ ఊరి పిల్లలకు చరిత్ర చెప్పారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ, చుట్టుపక్కల ఊళ్లలో గోండీ. ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లలకు చరిత్ర ఒకే పుస్తకంలో దొరకదు. పాఠ్యపుస్తకం ఒకటి చెబుతుంది, ఇంట్లో తాత ఒకటి చెబుతాడు, జాతరలో పాట ఇంకోటి చెబుతుంది. వీటిలో ఏదీ కొట్టిపారేయకుండా పాఠం చెప్పడం ఎంత కష్టమో మాస్టారికి తెలిసినంతగా, కళాశాలల్లో పనిచేసిన మాబోటివాళ్లకు తెలియదు. అందుకే ఆయన స్మృతికి బస్తర్ చరిత్ర మీద ఉన్న భిన్నాభిప్రాయాలే తగిన విషయం అనుకున్నాను. వరంగల్ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి ఓరుగల్లుకూ బస్తర్‌కూ మధ్య నడిచిన కథ మీదే ఎక్కువ మాట్లాడతాను.

గీదం కూడలి ఊరు. ఇక్కడి నుంచి ఒక దారి జగదల్‌పూర్‌కు, ఒకటి దంతేవాడ మీదుగా బచేలి, కిరందుల్ గనులకు, ఒకటి బార్సూరుకు వెళ్తాయి. ఇంకొకటి బీజాపూర్, భోపాల్‌పట్నం దాటి గోదావరి సీమలో దిగుతుంది. ముందు దంతేవాడ దారి పడదాం.

పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. శంఖిని, డంకిని కలిసే చోట దంతేశ్వరి గుడి. గుడి ముందున్న గరుడ స్తంభాన్ని చేతులు చాపి కౌగిలించుకోవాలని చూసే భక్తులు మీకు రోజూ కనిపిస్తారు. గుడిలోని శాసనాన్ని చదవడానికి ఆగేవాళ్లు తక్కువ. అది విక్రమ సంవత్సరం 1760 నాటిది, అంటే 1703. దిక్పాలదేవుడనే రాజు కుటుంబంతో అమ్మవారి యాత్రకు వచ్చాడనీ, వేల దున్నలూ మేకలూ బలి అయ్యాయనీ, శంఖిని నీళ్లు ఎర్రబడ్డాయనీ అందులో ఉంది. రాసినవాడు భగవాన్ మిశ్ర, మిథిల నుంచి వచ్చిన రాజగురువు. సంస్కృతంలో ఒక రాయి చెక్కించి, కలియుగంలో సంస్కృతం చదవగలిగేవాళ్లు కొద్దిమందే ఉంటారని అదే సంగతిని జనం భాషలో ఇంకో రాయి మీద రాయించాడు. మూడు వందల ఏళ్ల కిందటి ఆస్థాన పండితుడు తన తర్వాత చదివేవాడి గురించి ఇంత ఆలోచించాడంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ రాత వంశక్రమం కూడా చెబుతుంది. పాండవ వంశంలో అర్జునుడి సంతతివారు హస్తినాపురం విడిచి ఓరుగల్లు చేరారు. వాళ్లలో కాకతి ప్రతాపరుద్రుడు పుట్టాడు. ఆయన తమ్ముడు అన్నమరాజు, అంటే అన్నమదేవుడు, ఓరుగల్లు వదిలి బస్తర్ వచ్చి రాజయ్యాడు. అక్కడి నుంచి దిక్పాలుడి దాకా రాజుల వరస.

చరిత్రకారులు ఈ రాయి ముందే విడిపోతారు. ఓరుగల్లు 1323లో ఉలుగ్‌ఖాన్ సేనలకు చిక్కింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మద ఒడ్డున ప్రాణాలు విడిచాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం సాక్ష్యం. అన్నమదేవుడి రాజ్యం 1324లో మొదలైందని బస్తర్ చరిత్రలు రాస్తాయి. కానీ మన చేతిలో ఉన్న రాయి దానికి 379 ఏళ్ల తర్వాతది. తెలుగు దేశంలో కాకతీయులు చాలా శాసనాల్లో తాము నాలుగో వర్ణంవాళ్లమనే చెప్పుకున్నారు. దంతేవాడ రాతి మీద మాత్రం పాండవుల వారసులయ్యారు. హిందీలో రాసిన కొందరు ఈ వంశాన్ని చాళుక్యులంటారు. రుద్రమదేవి భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు కాబట్టి అదీ పూర్తిగా నిరాధారం కాదు. కాకతీయుల జ్ఞాపకం తర్వాతి శతాబ్దాల్లో ఎన్ని రూపాలు తీసుకుందో సింథియా టాల్బట్ 2001లో అచ్చయిన తన పుస్తకంలో ఓపికగా పరిశీలించారు. వరంగల్‌లో మేం ఇష్టంగా చెప్పుకునే కథలు కొన్ని అందులో నిలబడవు. అయినా చదవాల్సిన పుస్తకం.

అన్నమదేవుడు ప్రతాపరుద్రుడికి సొంత తమ్ముడా, దాయాదా, దగ్గరి సేనానా అన్నది ఇప్పుడున్న ఆధారాలతో తేలదని నా అభిప్రాయం. ఓరుగల్లు కూలాక అటునుంచి కొందరు గోదావరి దాటి ఈ అడవిలోకి వచ్చారని, ఇక్కడ నిలదొక్కుకున్నారని మాత్రం నమ్మవచ్చు. అంటే బస్తర్ రాజవంశం మొదలైంది ఓడిపోయి, ఇల్లు వదిలి వచ్చిన కాందిశీకులతో. ఈ సంగతి దయచేసి గుర్తుపెట్టుకోండి.

అన్నమదేవుడు రాకముందు ఇక్కడ తెలుగు లేదనుకుంటే అదీ పొరపాటే. బార్సూరులో బత్తీసా గుడి, మామా-భాంజా గుడి, జంట గణపతులు చూడటానికి మన పిల్లల్ని తీసుకెళ్తాం. అక్కడ దొరికిన తెలుగు శాసనం శక సంవత్సరం 982, అంటే 1060 నాటిది. నాగవంశపు ధారావర్షుడు రాజుగా ఉండగా, కరికాల చోళుడి వంశంవాణ్ణని చెప్పుకున్న మహామండలేశ్వరుడు చంద్రాదిత్యుడు బార్సూరులో శివాలయం కట్టించాడు, చెరువు తవ్వించాడు. ఓరుగల్లు పడిపోవడానికి రెండున్నర శతాబ్దాల ముందే ఈ అడవి నడుమ తెలుగులో దానశాసనం చెక్కించారంటే, దాన్ని చదివేవాళ్లు ఉన్నారన్నమాట. నాగరాజుల ఇలవేల్పు మాణిక్యదేవి. దంతేశ్వరి అంటే ఆ దేవతేనని కొందరు పండితులు భావిస్తారు. సతీదేవి దంతం పడిన శక్తిపీఠమని భక్తులు అంటారు. అమ్మవారు అన్నమదేవుడి వెంట ఓరుగల్లు నుంచే వచ్చిందనీ, వెనక్కి తిరిగి చూడొద్దన్న షరతు మీద నడిచిందనీ, నది ఇసుకలో పాదాలు కూరుకుపోయి అందెల చప్పుడు ఆగడంతో రాజు తిరిగి చూశాడనీ, అమ్మ అక్కడే నిలిచిపోయిందనీ రాజుగారి కథ. మన తెలుగువాళ్లకు ఈ మూడోదే ప్రీతి. కొత్తగా వచ్చిన రాజు ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్న అమ్మవారిని తన వెంట వచ్చిన అమ్మవారిగా చెప్పుకోవడం వల్ల ఆ రాజ్యానికి ఎంత బలం చేకూరిందో ఆలోచిస్తే, నాకు మొదటి అభిప్రాయమే సమంజసంగా కనిపిస్తుంది.

అయితే ఆ రాజులు ఇక్కడివాళ్ల అనుమతి అడగడం నేర్చుకున్నారు. బస్తర్ దసరా 75 రోజులు సాగుతుంది. రాముడూ రావణుడూ అందులో లేరు. మిర్గాన్ కులపు చిన్నపిల్ల మీద కాచన్‌దేవి పూని ఒప్పుకుంటేనే పండగ మొదలు. రథాన్ని ఆదివాసీలు కుమ్డాకోట్ అడవిలోకి లాక్కుపోతారు. రాజు వెళ్లి వాళ్లతో కలిసి కొత్త బియ్యం తిని రథాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. పన్ను కట్టించుకునే రాజు ఏడాదికోసారి అడవిలో కూర్చుని అన్నం తినాల్సి రావడం సామాన్యమైన ఏర్పాటు కాదు.

ఇప్పుడు గోదావరి అవతలికి రండి. ములుగు జిల్లా తాడ్వాయి మండలం మేడారంలో రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర. కోయల కథలో ప్రతాపరుద్రుడు కరువు కాలంలో కప్పం కట్టలేని కోయదొరల మీదికి సేనను పంపిన రాజు. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ ఆ పోరులో నేలకొరిగారు. కొడుకు జంపన్న వాగులో పడి ప్రాణం విడిచాడు, అది జంపన్న వాగైంది. సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది, కుంకుమ భరిణె దొరికింది. ఈ కథకు శాసనాధారం లేదని చరిత్రకారులంటారు. నిజమే. దంతేవాడ కథకు మాత్రం ఎంత ఆధారం ఉంది? ఒకే రాజకుటుంబాన్ని గోదావరికి ఈ ఒడ్డున అమ్మవారిని వెంట తెచ్చినవాళ్లుగా, ఆ ఒడ్డున అమ్మవారిని చంపినవాళ్లుగా జనం గుర్తు పెట్టుకున్నారు. ఓరుగల్లు కోట గోడల్ని, వేయిస్తంభాల గుడిని చూపించి గర్వపడే మేం, కోయల లెక్కలో ఆ రాళ్ల ఖరీదు ఎవరు కట్టారో అడగడం ఆలస్యంగానే నేర్చుకున్నాం. రాతి మీద చెక్కించుకునే స్తోమత ఉన్నవాళ్ల మాటే చరిత్ర, మిగతాది పుక్కిటి పురాణం అనే పద్ధతి నాకు సమ్మతం కాదు.

ఈ పద్ధతి ఎంత తప్పుదారి పట్టిస్తుందో 1910 భూమ్‌కాల్ తిరుగుబాటు చూపిస్తుంది. 1905లో బస్తర్ అడవిలో మూడింట రెండు వంతుల్ని రిజర్వు చేయాలని ప్రతిపాదించారు. పోడు ఆగిపోయింది, వెట్టి పెరిగింది, ఠేకేదార్లు వచ్చారు. బడులు కట్టడానికి, పోలీసులకు సామాన్లు మోయడానికి జనాన్ని ఊరికే వాడుకున్నారు. మామిడి కొమ్మ, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణం ఊరి నుంచి ఊరికి తిరిగాయి. ఫిబ్రవరి మొదట్లో పుస్పాల్ సంత మీద పడటంతో తిరుగుబాటు బయటికొచ్చింది. తెల్లదొరల నివేదికల్లో ఇదంతా అంతఃపుర కుట్ర. దివాన్ పదవి పోయిన లాల్ కాలేంద్ర సింగ్, రాణి సుబ్రాన్ కుంవర్ అమాయకులైన ఆదివాసీలను ఎగదోశారని వాళ్ల తీర్పు. ఊళ్ల జ్ఞాపకంలో ఇది నేతానార్ గుండాధూర్ పోరాటం. సైన్యం ఎంత వెతికినా గుండాధూర్ దొరకలేదు, ఎన్నడూ దొరకలేదు.

రాజకుటుంబంలో తగాదాలున్నమాట నిజం. కాలేంద్ర సింగ్‌కు కోపం ఉన్నమాటా నిజం. కానీ కుట్రే కారణమైతే దాన్ని అణిచాక అడవి రిజర్వు అనుకున్న ప్రకారమే సాగిపోవాలి. తిరుగుబాటు తర్వాత రిజర్వు చేయదలచిన విస్తీర్ణాన్ని దాదాపు సగానికి తగ్గించారు. కుట్ర అని రాసిన చేతులే అసలు కారణం అడవి అని తెలిసి వెనక్కి తగ్గాయన్నమాట. 1997లో వచ్చిన నందినీ సుందర్ పుస్తకం ఈ సంగతుల్ని ఊళ్లవైపు నుంచి చూసింది. ఆమె పేరు మళ్లీ వస్తుంది.

ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ విషయంలోనూ అంతే. సర్కారు కంటికి ఆయన మొండి మాజీ రాజు. 1961లో గుర్తింపు తీసేసి తమ్ముడికిచ్చారు. జనానికి ఆయన దంతేశ్వరి పెద్ద పూజారి. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో ఆయనా, ఆయనతో ఉన్న ఆదివాసీలూ చనిపోయారు. అధికారిక సంఖ్యను ఈ నేల మీద నమ్మినవాళ్లు తక్కువ. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో దేవుళ్ల పటాల పక్కన ఆయన పటం ఉంటుంది.

తెలుగు దేశం బస్తర్ నుంచి ఏం తీసుకుందో కూడా చెప్పుకోవాలి. 1859లో దక్షిణ బస్తర్‌లో కోయలు తిరగబడింది హైదరాబాదు ఠేకేదార్లు సాల చెట్లు నరకడం మీద. ఒక చెట్టుకు ఒక తల అని వాళ్లు శపథం పట్టారని ఇక్కడ చెప్పుకుంటారు. 1947కు ముందు ఇక్కడి ఖనిజ భూముల్ని నిజాం సంస్థానానికి లీజుకిచ్చే మంతనాలు జరిగాయని వి.పి. మీనన్ రాశారు. ఆ తర్వాత బైలాడిలా గనులు. జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడానికి 1960ల్లో కొత్తవలస నుంచి కిరందుల్‌కు రైలుమార్గం వేశారు. గని నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. గీదం స్టేషన్లో నిలబడితే విశాఖ వైపు పోయే ఖనిజం బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. మన తెలుగు కుటుంబాలు చాలా వరకు ఆ రైలుతోనో, ఆ గనితోనో, వాటి వెంట వచ్చిన వ్యాపారంతోనో ఇక్కడికి చేరాయి. అందులో తప్పేం లేదు, కష్టపడి బతికాం. కానీ బండెడు ఖనిజాన్ని ఏ రాష్ట్రానిదని అడిగినవాళ్లు లేరు. మనిషి విషయం వచ్చేసరికి అలా జరగలేదు.

మనుషుల కథ 1980లో మొదలవుతుంది. ఆ ఏడాది తెలంగాణ నుంచి నక్సలైట్ల పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటాయి. 2005 జూన్‌లో బీజాపూర్ వైపు ఆ దళాలకు ఎదురుగా సల్వా జుడుం మొదలైంది. దాన్ని ముందుండి నడిపిన మహేంద్ర కర్మ మనకు పక్కనే ఉన్న ఫరస్‌పాల్ మనిషి. 2013 మే 25న ఝీరమ్ ఘాటీలో మావోయిస్టులు ఆయన్ని చంపారు. ఆయన్ని బస్తర్ పులి అన్నవాళ్లూ, ఊళ్లు ఖాళీ కావడానికి కారకుడన్నవాళ్లూ ఈ సభలోనే ఉండొచ్చు. ఇద్దరి ఇళ్లలోనూ చావులున్నాయి. ఈ జుడుం మీద నందినీ సుందర్, రామచంద్ర గుహ, విశాఖకు చెందిన ఇ.ఎ.ఎస్. శర్మ వేసిన పిటిషన్ మీద 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చదువు అంతంతమాత్రమైన ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడటం రాజ్యాంగ విరుద్ధమన్నది. తీర్పు రాసిన ఇద్దరిలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి తెలుగువారు. దాని మీద వాదులాట ఇప్పటికీ ఆగలేదు. నా మట్టుకు ఆ తీర్పు న్యాయమైనదే. అడవిలో పుట్టిన పిల్లవాడి చేతిలో తుపాకి పెట్టే హక్కు దళానికీ లేదు, సర్కారుకూ లేదు.

ఆ రెండు తుపాకుల మధ్య నుంచి వేలమంది మురియా, కోయ కుటుంబాలు గోదావరి వైపు నడిచాయి. భద్రాచలం, చింతూరు, ములుగు, భూపాలపల్లి అడవుల్లో గూడేలు వేసుకున్నాయి. అక్కడ వాళ్లని గుత్తికోయలంటారు. మిరప చేలలో కోత కోస్తారు, తునికాకు ఏరుతారు, పోడు కొడతారు. మేడారం జాతరకూ వస్తారు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిరప చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి నడిచి వస్తూ పన్నెండేళ్ల పిల్ల ఊరి దగ్గరదాకా వచ్చి దారిలో చనిపోయింది. ఆ వార్త చదివి కూడా మా వైపు జీవితం యథావిధిగానే సాగింది.

వాళ్ల గురించి అక్కడ కూడా రెండు మాటలు వినిపిస్తాయి. అడవి తరిగిపోతోందని అటవీశాఖ అంటుంది, ఆ మాట అబద్ధం కాదు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు తగాదాలో ఒక అటవీ రేంజి అధికారిని గుత్తికోయలు నరికి చంపారు. విధి నిర్వహణలో ఉన్న మనిషిని చంపడానికి ఏ కష్టమూ సమర్థన కాదు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అధికారులు గూడెం ఇళ్లు కూల్చేశారు, హైకోర్టు కలుగజేసుకోవాల్సి వచ్చింది. స్థానిక కోయలకు తమ వాటా తగ్గుతుందన్న భయం ఉంది. చట్టమేమో ఎటూ అందదు. షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రానికొకటి. ఒక రాష్ట్రంలో ఉన్న గుర్తింపు ఇంకో రాష్ట్రానికి వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమిలో ఉండాలి. సల్వా జుడుం మొదలైందే ఆ ఏడాది జూన్‌లో. ఊరు కాలిపోయి పారిపోయినవాడు ఆరు నెలల్లో పరాయి అడవిలో సాగు చూపించాలన్నమాట. అక్కడే పుట్టి తెలుగు బడిలో చదివిన పిల్లలకు ఇప్పుడు ఓటు వయసు వస్తోంది. వాళ్లు ఏ రాష్ట్రంవాళ్లో ఏ రాష్ట్రమూ చెప్పదు.

ఏడు వందల ఏళ్ల కిందట ఓరుగల్లు నుంచి వచ్చిన కాందిశీకుడికి ఈ అడవి రాజ్యమే ఇచ్చింది. ఇక్కడి నుంచి ఓరుగల్లు వైపు వెళ్లినవాళ్లకు మేం ఇంటి జాగా కూడా ఇవ్వలేకపోయాం. అన్నమదేవుడు కత్తితో వచ్చాడు, వీళ్లు చంకలో పిల్లలతో వచ్చారు, తేడా అదేనని ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు. కాకతీయ వైభవం గురించి వరంగల్‌లో జరిగే సభల్లో ఈ పోలిక ఎత్తితే కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా ఎత్తవలసిందే. కాకతీయుల పేరు మనకు గర్వకారణమైతే, ఆ పేరుకు ఆశ్రయమిచ్చిన నేల మీద మనకు రుణం కూడా ఉంటుంది.

అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో, 2005 డిసెంబరు 13కు ముందు పునరావాసం లేకుండా వెళ్లగొట్టబడినవాళ్లకు తిరిగి నెలవు గానీ బదులు భూమి గానీ కోరే హక్కు ఉంది. దాన్ని వాడుకోవడానికి కావలసిన కాగితాలు గోదావరి అవతల లేవు, ఇక్కడున్నాయి. పాత ఓటరు జాబితాలు, రేషన్ కార్డులు, పట్వారీ లెక్కలు, బడి రిజిస్టర్లు దంతేవాడ, బీజాపూర్, సుక్మా జిల్లాల్లో ఉన్నాయి. కాగితం దొరకనిచోట ఊరి పెద్దల మాటను రాసి ఇచ్చినా సాక్ష్యమేనని ఆ చట్టం నియమాలే అంటున్నాయి. ఏ ఊరు ఏ నెలలో ఖాళీ అయిందో చెప్పగలిగిన పెద్దలు ఇంకా ఉన్నారు, ఎన్నాళ్లు ఉంటారో తెలియదు. వాళ్లు గోండీలో, హల్బీలో చెబుతారు. కాగితాలు హిందీలో ఉంటాయి. ములుగులోనో భద్రాచలంలోనో అర్జీ తీసుకునే అధికారికి తెలుగు కావాలి. ఈ నాలుగూ తెలిసిన మనుషులు ఎక్కడైనా ఉన్నారంటే ఈ గీదంలోనే ఉన్నారు. ఉపాధ్యాయులు, రైల్వేలో గనుల్లో చేసి రిటైరైనవాళ్లు, జావంగా విద్యానగరంలో చదువుకుంటున్న పిల్లలు ఈ పని చేపట్టండి. ఆ పెద్దల మాటలు తేదీలతో సహా రాసి, కాగితాలు తెలుగు చేసి పంపండి. అక్కడ వాటిని అందుకుని అర్జీదారు పక్కన నిలబడే బాధ్యత వరంగల్ నుంచి వచ్చిన మేం తీసుకుంటాం.